మందసం వెనుక గోడ

మా అన్నయ్య విశ్వనాథం గారు ఇక లేరన్న దుర్వార్తను ఆయన మలేరియా దళంలో పనిచేసే సుక్రు మోసుకొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. రాయగడలో మా వాకిట్లో జీపు ఆగింది. ఎప్పుడూ భుజాన మందు పంపుతో కనిపించే ఆ మనిషి ఖాళీ చేతులతో దిగాడు. తెల్లవారుతూనే కొల్నార దగ్గర ఒక పల్లెలో ఇళ్ళు తనిఖీ చేయడానికి వెళ్ళిన అన్నయ్య, రెండిళ్ళు చూసి, మూడో ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చేసరికి మనిషి లేడట. ఇదంతా విని నేను వేసిన మొదటి ప్రశ్న "జ్వరమా?" అని. "జరం కాదమ్మగారూ. గుండె ఆగిపోనాది," అన్నాడు సుక్రు. జ్వరం కాదు కదా అని ఒక్క క్షణం నా ప్రాణం కుదుటపడింది. తోడబుట్టినవాడు పోయాడన్న మాట ఆ తరువాతే నా బుర్రకెక్కింది. ఇలాంటి చెల్లెలు ఎవరికైనా ఉంటుందా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను.

ఈ ఊరి తెలుగువారు సంతాపసభ జరిపి, ఆ మహనీయుని ధైర్యసాహసాలను వేనోళ్ళ కొనియాడారని విన్నాను. నిర్భయుడు, ధీరోదాత్తుడు, మృత్యువును ధిక్కరించినవాడు అన్నారట. పత్రికకు నాలుగు మాటలు రాసిమ్మని నా దగ్గరకూ వచ్చారు. రాస్తున్నాను. కాని ఆ నిర్భయుడెవరో నాకు తెలియదు. మా అన్నయ్య మహా పిరికివాడు. ఆయన చేసిన మంచిపనులన్నీ భయంతో చేసినవే. నేను చేసిన చెడ్డపని కూడా భయంతో చేసిందే. ఆ రెండూ చెప్పకుండా ఆయనను గురించి రాయడం నావల్ల కాదు.

ఆ భయం ఎక్కడ పుట్టిందో చెబుతాను. మా నాన్నగారు జయపురం సంస్థానం కచేరీలో గుమాస్తా. మా తాతల నాడే విజయనగరం వేపు నుంచి ఈ కొండల్లోకి ఉద్యోగాల కోసం వచ్చాం. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా కోరాపుట్ సీమ అందులో కలిసిన ఏడాది, నాన్నగారిని లమ్తపుట్ వేపు పనిమీద పంపారు. వర్షాకాలం. వెళ్ళినవాడు డోలీలో తిరిగి వచ్చాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతూ, మూత్రం కాటుకనీళ్ళలా నల్లగా పోతూ, నాలుగో నాటికి కన్నుమూశాడు. అప్పటికి అన్నయ్య చదువు ముగించిన కుర్రవాడు, నేను పద్నాలుగేళ్ళదాన్ని. ఆ నాలుగు రోజులూ అన్నయ్య మంచం పక్కనే కూర్చుని తండ్రి నుదుటి మీద చెయ్యి తీయలేదు. ఆ చెయ్యి మరి ఎన్నడూ ఊరుకోలేదు. అది మొదలు, పోయిన నాటి ఉదయం దాకా, ఇల్లు కదలే ముందు ఇంట్లో ఉన్నవాళ్ళందరి నుదుళ్ళూ ముట్టి చూసేవాడు. చుట్టం వస్తే చుట్టం నుదురు కూడా. "ఏటి నాయనా, నేనేం పసిపిల్లనా?" అని అమ్మ కసిరినా వినేవాడు కాదు.

ఆ రోజుల్లో కోరాపుట్ బదిలీ అంటే కోస్తా ఉద్యోగుల ఇళ్ళలో ఏడుపులు. మాకు బదిలీ లేదు, మా ఊరే ఇది. జ్వరం ప్రతి వానాకాలమూ చుట్టంలా వచ్చేది, వెళ్ళేటప్పుడు ఎవరినో ఒకరిని తీసుకుపోయేది. క్వినైను మింగితే చెవుల్లో రోజంతా హోరు. అన్నయ్య ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి, మాత్ర నిజంగా దిగిందో లేదో చూసేవాడు. పెళ్ళయిన మూడో ఏట పసుపుకుంకుమలు పోగొట్టుకుని నేను పుట్టింటికి చేరిన నాడు కూడా ఆయన ముందు నా నుదుటి మీద చెయ్యి వేసి, తరువాత ఏడ్చాడు.

సంస్థానం కొలువు వదిలి మలేరియా శాఖలో చేరడం కూడా భయం కొద్దీ చేసిన పనే. శత్రువు కళ్ళెదుట ఉంటే మేలనుకున్నాడు కాబోలు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు ఇళ్ళ గోడలకు మందు కొట్టే దళాలు మా జిల్లాలో తిరగడం మొదలైంది. కొత్తగా ఇన్‌స్పెక్టరయిన అన్నయ్య ఇంటికి వచ్చి, ఆడవాళ్ళం మాకు కూడా అర్థమయ్యేలా విడమరచి చెప్పాడు. దోమ నెత్తురు తాగాక బరువెక్కి దూరం ఎగరలేదు, దగ్గరలో ఉన్న గోడ మీద చీకటిలో వాలుతుంది, ఆ గోడకు మందు ఉంటే అక్కడే చస్తుంది, మరొకరిని కుట్టదు. నెలల తరబడి ఆ తెల్లపొడి గోడను అంటుకునే ఉంటుంది. పండుగకు ఎర్రమట్టి అలికితే మాత్రం మందు మట్టికింద పడిపోతుంది. ఇంతే కిటుకు. ఇంత చిన్న సంగతి తెలియక నాన్న పోయాడు అంటూ ఆయన కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తు.

ఇక నా సంగతి.

మా ఇంట్లో దేవుడి గదీ, మడి వంటిల్లూ ఒకే తలుపు వెనుక ఉంటాయి. ఆ తలుపు దాటి పరాయివాడు అడుగుపెట్టిన దాఖలా లేదు. మా వీధికి దళం మొట్టమొదటిసారి వచ్చిన నాడు అన్నయ్య క్యాంపులో ఉన్నాడు. పంపు పట్టుకుని వచ్చినవాడు సుక్రు. అప్పుడు కొత్తగా చేరిన దేశియా మనిషి, అంటే ఈ కొండల స్థానికుడు, బయటి కులంవాడు. ముందుగదులూ, నడవా, పశువుల పాకా అన్నీ కొట్టాడు. లోపలి తలుపు దగ్గరకు వచ్చేసరికి అమ్మ నా వంక చూసింది. నేను వెళ్ళి గొళ్ళెం పెట్టి, తలుపుకు వీపు ఆన్చి నిలబడ్డాను. "లోపల ఏటీ లేదు. అయిపోయిందని రాసుకో," అన్నాను. ఇన్‌స్పెక్టరు చెల్లెలు చెబితే కాదనే ధైర్యం వాడికెక్కడిది? ఇల్లంతా అయిందని గుమ్మం మీద సుద్దతో గుర్తు గీసి వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు అన్నయ్య వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "అన్ని గదులూ కొట్టేరా?" అని అడిగాడు. "కొట్టేరు," అన్నాను. ఆ ఒక్క మాటే. అన్నం వడ్డిస్తూ అన్నాను.

అన్నయ్యకు ఒక్కతే కూతురు. పేరు కామేశ్వరి, అందరికీ అమ్మి. ఆరేళ్ళది, వసపిట్ట. మా అమ్మ కొంగు పట్టుకుని ఆ లోపలి తలుపు ముందు నడవలో పడుకునేది. ఆ వర్షాకాలం ఒక సాయంత్రం చలి అంది. మర్నాటికి జ్వరం తలకెక్కింది. వాళ్ళ నాన్ననీ నన్నూ గుర్తుపట్టలేదు. అన్నయ్య చెయ్యి మళ్ళీ ఒక నుదుటి మీదికి చేరింది. సీత వదిన పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. డాక్టరు గారు వచ్చి సూది వేశారు, కాని అప్పటికే ఆలస్యమైపోయింది. ఇంతకు మించి నన్ను అడగకండి.

పదిహేను రోజుల తరువాత ఒక పొద్దున్న అన్నయ్య టార్చీ, దోమలు పట్టే గాజుగొట్టం తీసుకుని తన ఇల్లు తానే తనిఖీ చేసుకున్నాడు. జిల్లా అంతటా ఇళ్ళు తనిఖీ చేసే మనిషి, సొంత ఇంట్లో ఆ పని చేయడం అదే మొదలు. గోడల మీద వేలు రాసి చూసుకుంటూ వచ్చాడు. ప్రతి గోడకూ వేలికి తెల్లపొడి అంటింది. లోపలి తలుపు తీసి వెళ్ళాడు. కాసేపటికి, "సుభద్రా, ఇలా రా," అని పిలిచాడు. దేవుడి మందసం వెనుక గోడ మీద టార్చీ వేసి పట్టుకున్నాడు. గోడ మీద నువ్వులు చల్లినట్టు దోమలు. తోకలు ఎత్తి, తలలు వంచి, కదలకుండా ఉన్నాయి. ఒక్కొక్క దాని పొట్టా ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ నెత్తురు ఎవరిదో అని నేను ఆలోచించిన ఆ క్షణం నుంచి ఈనాటి దాకా, చీకటి మూల ఏది చూసినా నాకు వెన్నులో చలి.

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన నెమ్మదిగా, "అమ్మకి చెప్పకు. మీ వదినకి అసలు చెప్పకు," అన్నాడు. తరువాత నేల మీద కూలబడి, "నిన్ను అడిగేను గాని తలుపు తీసి చూడలేదు సుభద్రా. చూస్తే అమ్మతో తగువు పడాలి. ఆ తగువుకి భయపడ్డాను. నీ అబద్ధం నాకు సుఖంగా ఉంది, తీసుకున్నాను," అన్నాడు. నా పాపంలో సగం అలా తన నెత్తిన వేసుకున్నాడు. సుక్రును ఉద్యోగంలోంచి తీయించడం ఆయనకు చిటికెలో పని. తీయించలేదు. వాణ్ణి పిలిచి, ఏ ఇంట్లో ఎవరు ఏ తలుపు మూసినా ఆ మాట తనకు చెప్పమన్నాడు, అంతే.

అదే రోజు నూతి దగ్గర తలారా స్నానం చేసి, తడిబట్టతో వచ్చాడు. ఆ పంపు కాలితో తొక్కిపట్టి చేత్తో కొట్టేది. బకెట్టు ఒకచోట, పొడుగాటి రబ్బరు గొట్టం చివర మందు చిమ్మే ఇత్తడి ములికి ఇంకొకచోట. సుక్రును గుమ్మం బయట పెట్టి పంపు కొట్టమని, ములికి తాను పట్టుకుని లోపలికి వెళ్ళాడు. అమ్మ ఏటిదని అరిచింది. "మడిలోనే ఉన్నానమ్మా," అన్నాడు. అమ్మ పక్కకు తప్పుకుంది. మందసం బరువుది, కదల్చలేక ములికి వెనక్కి దూర్చి అందినంత మేర కొట్టాడు. ప్రతి దఫా అలాగే చేశాడు. అమ్మ పోయాక కూడా ఆ పద్ధతి మారలేదు.

ఆ తరువాత శాఖలో ఆయన ఒక కొత్త పాట ఎత్తుకున్నాడు. "ఇళ్ళు లెక్కపెట్టకండి, గదులు లెక్కపెట్టండి," అనేవాడు. నూరిళ్ళు కొట్టామని కాగితాలు వస్తాయి, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క మూల మిగిలిపోతుంది, దోమకు ఆ మూల చాలు అని పైవాళ్ళతో వాదించేవాడు. చాదస్తం అనేవారు. అన్నవాళ్ళలో కొందరు మొన్న సంతాపసభలో ధీరోదాత్తుడన్నారట. కానీండి.

ఒకనాడు నన్ను పిలిచి, తనతో పల్లెలకు రమ్మన్నాడు. నేను విస్తుపోయాను. మడి కట్టుకునే ముండమోపిని, వీధి గుమ్మం దాటడమే గగనం. "తలుపు ఎలా మూస్తారో నీకు తెలిసినట్టు నా దళంలో ఎవడికీ తెలీదు. మూసినదానివి నువ్వే, తెరిపించవలసినదానివీ నువ్వే," అన్నాడు. అది శిక్షో, క్షమాపణో నాకు ఈనాటికీ తెలియదు. వెళ్ళాను. అడవి దారిలో జీపు పోతుంటే ప్రతి నీటిపాయ దగ్గరా నాకు గుండె దడ. ఆయన కేసి చూస్తే ఆయన ముఖమూ పాలిపోయే ఉండేది. ఇద్దరు పిరికివాళ్ళం అలా కొండలన్నీ తిరిగాం.

కొల్నార అవతల ఒక పల్లెలో ఒక ముసలమ్మ లోపలిగదికి అడ్డంగా నిలబడింది. తలుపుకు వీపు ఆన్చింది. ఆ నిలబడడం చూడగానే నా ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అది నేనే. అక్కడ వాళ్ళ పెద్దలు ఉంటారట, చనిపోయిన తాతముత్తాతలు. పరాయివాడు పోతే అలుగుతారట. అలిగితే ఏమవుతుందని సుక్రు చేత అడిగించాను. "జరం వస్తాదంట అమ్మగారూ," అన్నాడు. మగవాళ్ళందరినీ వీధిలోకి పంపి ఆమె పక్కన కూర్చున్నాను. మా అమ్మి సంగతి నాకు వచ్చిన ముక్కల భాషలో చెప్పాను. ఎవరికీ చెప్పని మాట, తలుపు నేనే మూశానన్న మాట, మొదట చెప్పింది ఆమెకే. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చివరకు వాళ్ళ పెద్దకొడుకు స్నానం చేసి వచ్చి ములికి పట్టుకునేటట్టు, సుక్రు గుమ్మం బయటనుంచే పంపు కొట్టేటట్టు ఒప్పందం కుదిరింది. మా ఇంటి పద్ధతే. అన్నయ్య ఆ పద్ధతి ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటిలో పెట్టాడు. మళ్ళీ వానలకు వెళ్ళినప్పుడు ఆ ముసలమ్మ మనుమణ్ణి నా ముందు నిలబెట్టింది. అన్నయ్య అలవాటుగా వాడి నుదురు ముట్టి చూసి, "చల్లగా ఉన్నాడు," అన్నాడు. ఆయన నోట నేను విన్న అతి సంతోషకరమైన మాట అదే.

జ్వరాలు తగ్గాయి. ఎంత తగ్గాయో లెక్కలు నాకు తెలియవు. వానాకాలంలో మా వీధిలో వరసగా కంబళ్ళు కప్పుకుని వణికే మనుషులు కనబడడం మానేశారు, అంతవరకు తెలుసు. కొత్తగా వచ్చిన ఉద్యోగుల పిల్లలకు క్వినైను చేదు తెలియదు. అందరూ స్థిమితపడ్డారు. అన్నయ్యకు మాత్రం భయం రెట్టింపయింది. ఇక త్వరలో మందు కొట్టడం ఆపేస్తారట, జ్వరం వచ్చినవాళ్ళను వెతికి మాత్రలిస్తే చాలునట అని ఆఫీసులో వినివచ్చి అన్నం సరిగా తినలేదు. "భయం పోయిన ఇంట్లోకే అది మళ్ళీ వస్తుంది సుభద్రా. జనం మరిచిపోతారు. తలుపులు మూస్తారు," అన్నాడు. ఆయన పోవడానికి సరిగ్గా నెల ముందు మాట అది.

ఇప్పుడు చెప్పేది ఆయన పోయిన తొమ్మిదో రోజు సంగతి. ఇల్లంతా చుట్టాలు. మైల ఇల్లు, దేవుడి గదికి గొళ్ళెం పెట్టి ఉంది. దీపం లేదు, ధూపం లేదు, తొమ్మిది రోజులుగా చీకటి. ఉదయం పదింటికి సుక్రు పంపుతో, ఇంకో మనిషితో గుమ్మం ముందు నిలబడ్డాడు. మా వీధి వంతు ఆనాడే. ముందుగదులు కొట్టనిచ్చారు. లోపలి తలుపు దగ్గర జయపురం నుంచి వచ్చిన మా బాబయ్య అడ్డం వచ్చాడు. మైలలో దేవుడి గది తెరవడమేమిటి, వచ్చే దఫా చూసుకోవచ్చు, అయినా ములికి పట్టుకోవడానికి ఈ ఇంటి మగాడేడీ అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. సుక్రు తల వంచుకుని, జేబులోంచి సుద్దముక్క తీశాడు. వాడు గుర్తు గీయడానికి గుమ్మం వేపు తిరగడం నేను చూశాను.

భయమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసినంత ఎన్నడూ తెలియలేదు. దేవుడికి భయం, బాబయ్యకు భయం, లోకానికి భయం. వీటన్నిటినీ మించి ఆ తలుపు వెనుక చీకటి.

"గీయకు సుక్రూ," అన్నాను. "వెనక ఒకసారి నేను గీయించేను. ఆ గదికి మందు కొట్టకుండా తలుపు మూసింది నేనే. అన్నయ్యకి అబద్ధం చెప్పింది నేనే. అమ్మి అందుకే పోయింది."

గోడవార కూర్చున్న సీత వదిన వేపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇన్నేళ్ళూ అన్నయ్య గుండెల్లో దాచిన మాట, ఆయన చితి ఆరకముందే నేను బయటపెట్టాను. గొళ్ళెం తీశాను. "లోపలికి రా," అన్నాను సుక్రుతో. "నాకు బయమేస్తంది అమ్మగారూ," అన్నాడు వాడు. "నాకూ భయమే. రా," అన్నాను. వాడు గడప దగ్గర ఒక కాలు ఎత్తి ఆగిపోయాడు.

అప్పుడు వెనుక నుంచి అడుగుల చప్పుడు. వదిన నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఆమె ముఖం నాకు కనబడలేదు. మందసం ఒక చివర రెండు చేతులా పట్టుకుంది. "రెండోవేపు నువ్వు పట్టుకో సుభద్రా. గోడ కనబడాలి కదా," అంది.

ఇద్దరం కలిసి దేవుణ్ణి గోడకు దూరంగా జరిపాం. సుక్రు లోపలికి వచ్చాడు. గది నాలుగు గోడలూ, మందసం వెనుక గోడా, పైనుంచి కిందికంటా తడిసేలా కొట్టాడు. అలా కొట్టడం ఆ గదికి అదే మొదలు. వదిన నాతో మరేమీ అనలేదు. ఈనాటికీ అనలేదు. అనే రోజు వస్తే వింటాను.

ఈ వ్యాసం చివర ఆయన ఆత్మకు శాంతి కోరాలి కాబోలు. నాకు ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. ఆయనకు శాంతి ఎన్నడూ పడలేదు, ఆ అశాంతే మాకందరికీ కంచుకోట. అలాంటి మనిషి ఈ జిల్లాకు మళ్ళీ దొరకడు. ధైర్యవంతులు కావలసినంత మంది దొరుకుతారు.

మందు కొట్టిన మర్నాడు తెల్లవారుతూనే అన్నయ్య టార్చీ తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. మందసం వెనక్కి వంగి, పైనుంచి కింది దాకా వెతికాను. ఆయన చేసినట్టే వేలు రాసి చూసుకున్నాను. వేలికి తెల్లపొడి అంటింది. గోడ మీద ఒక్క దోమ లేదు. "ఏటీ లేవన్నయ్యా," అని పైకే అనేసి, వెనక్కి తిరిగాను. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, వంటింట్లోకి వెళ్ళింది.